కింద అచ్చరాలు పడే సినిమాలు

మా వీధి పిల్లలు నన్ను డిస్కుల తాత అంటారు. వాళ్లలో చాలామంది డిస్కును చూసి ఎరగరు. మొన్న ఒక పాపకు చూపిస్తే అటూ ఇటూ తిప్పి, అందులో తన ముఖం చూసుకుని, జుట్టు సర్దుకుని తిరిగి ఇచ్చేసింది. మంచిదే, ఆ మాత్రానికైనా పనికొచ్చింది.

అనంతపురం గడియారస్తంభం దగ్గర ఒక అంగట్లో నేను కౌంటరు మనిషిగా పనిచేశాను. చేరినప్పుడు అది క్యాసెట్ల అంగడి. మానేసేనాటికి సెల్‌ఫోన్ కవర్ల అంగడి. నడుమ చాలాకాలం సినిమా డిస్కులు అమ్మాం. గొప్ప ఉద్యోగమేం కాదు. అడిగింది తీసివ్వడం, అడగనిది చూపించడం, గీతలు పడ్డాయని తిరిగి తెచ్చినవాళ్లతో వాదించడం. ఇప్పుడు చెప్పేది ఆ డిస్కులు రావడం ఆగిపోయిన రోజుల సంగతి. ఫోనులో అన్నీ ఉన్నాయి కదా, దానికింత బాధెందుకని మీరు అడగవచ్చు. మా ఓనరూ అప్పుడు అదే అడిగాడు.

చూడ్డానికి డిస్కు కొనేవాళ్లు వేరు, దాచుకోడానికి కొనేవాళ్లు వేరు. రెండో రకం మా ఊళ్లో అంతమంది ఉంటారని ఆ పనిలో చేరేదాకా నాకూ తెలియదు. వాన కోసం మొహం వాచిన జిల్లా. పంట చేతికొస్తే ఊళ్లో ఉండటం, రాకపోతే బెంగళూరు బస్సెక్కడం. అలాంటి చోట సినిమాలు పోగుచేసే పిచ్చి ఎవరికుంటుంది? ఉండేది. పాతూరులో జాకెట్లు కుట్టే సాయిబు ఒకాయన నలుపు తెలుపు సినిమాలు తప్ప ముట్టేవాడు కాదు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన లెక్చరరు ఒకాయన ప్రతి సినిమా రెండేసి కొనేవాడు. ఒకటి చూడ్డానికి, ఇంకొకటి సీలు విప్పకుండా బీరువాలో పెట్టడానికి. ఆయన డిస్కు పట్టుకునే తీరు చూడాలి. మధ్యలో చిల్లులో ఒక వేలు, అంచు మీద ఒక వేలు, అంతే. నేను కాస్త మొరటుగా పట్టుకుంటే, "ఏమప్పా, దోసె అనుకున్నావా?" అని కసిరేవాడు.

ఆదివారం పొద్దున వీళ్లంతా అంగట్లో చేరేవాళ్లు. కొనేది తక్కువ, మాట్లాడేది ఎక్కువ. ఒకరి డిస్కులు ఒకరు తీసుకుపోయేవాళ్లు, తిరిగి తెచ్చేవాళ్లు, తేకపోతే తిట్టుకునేవాళ్లు. మా ఓనరు విసుక్కునేవాడు గానీ టీ తెప్పించేవాడు.

ఆ గుంపులో కలవకుండా ఒక పక్కన నిలబడే మనిషి ఒకడుండేవాడు. బోరు లారీ మీద పని. మొదటిసారి వచ్చినప్పుడు తల, కనుబొమ్మలు, మీసం అన్నీ తెల్లగా ఉంటే ముసలివాడనుకున్నాను. అది రాతిపిండి. ముఖం కడుక్కుని వచ్చిన రోజు చూస్తే నాకంటే చాలా చిన్నవాడు. సినిమా ఏది, ఎవరు నటించారు, పాత ముద్రా కొత్త ముద్రా, ఇవేవీ అతను అడిగేవాడు కాదు. డబ్బా తిప్పి నా ముందు పెట్టి ఒకటే అడిగేవాడు.

"అన్నా, దీంట్లో కింద అచ్చరాలు పడతాయా?"

పడతాయంటే కొనేవాడు, పడవంటే పెట్టేసేవాడు. మన తెలుగు సినిమాల డిస్కుల్లో చాలావాటికి తెర అడుగున ఇంగ్లీషులో మాటలు పడేవి. ఇతనేదో ఇంగ్లీషు నేర్చుకుంటున్నాడని అనుకున్నాను. ఒకరోజు అడిగేశాను కూడా.

"నాకెందుకన్నా ఇంగ్లీషు? తెలుగే చదవను. నా బిడ్డకు చెవులు వినపడవు. ఆ పాప చదువుతాది."

తరువాతి వారం కూతుర్ని తీసుకొచ్చాడు. చెవిటి పిల్లల బడిలో ఉండి చదువుకుంటోంది. పదేళ్ల పిల్ల అనుకుంటాను. అంగట్లో అందరి పెదవుల వంకా ఒక్కొక్కరివే చూస్తూ నిలబడింది. బళ్లో నేర్పేది తెలుగే. ఇంగ్లీషు మాత్రం డిస్కుల్లోనే నేర్చుకుందట. మొదట్లో ఏదో ఒకటీ అరా మాట, పోనుపోను మొత్తం. ఒకే సినిమా ఎన్నిసార్లు చూసేదో వాళ్లమ్మకే తెలియాలి.

ఒకసారి వాళ్ల ప్లేయరు మొరాయిస్తే చూడ్డానికి ఇంటికి పోయాను. ఊరి చివర కాలనీలో ఒంటిగది ఇల్లు. అతని భార్య చెనక్కాయల మిల్లులో పనికి పోతుంది, ఆ రోజు ఇంట్లోనే ఉంది. ప్లేయరు శుభ్రం చేసి ఒక హాస్య సినిమా పెట్టాను. తండ్రీకూతుళ్లు చాప మీద కూర్చున్నారు. నేను సినిమా చూడలేదు, వాళ్లనే చూశాను. పాత్ర నోరు తెరిచేలోపే కింద మాట పడిపోతుంది కదా, పాప ముందు నవ్వేది. మాట విన్నాక తండ్రి నవ్వేవాడు. "చూడన్నా, నాకంటే ముందే తెలిసిపోతాది దీనికి" అని అతను మురిసిపోయాడు.

వాళ్లింట్లో అన్నిటికంటే అరిగిన డిస్కు ఒక పెళ్లిబస్సు సినిమాది. పెద్దగా ఆడిన సినిమా కాదు. పెళ్లికూతుర్ని తీసుకుపోయే బస్సు దారి తప్పి రోజంతా తిరుగుతుంది, అంతే కథ. చివర్లో బస్సు చేరాక అందరూ దిగిపోతారు. పెళ్లికూతురు ఒక్కతీ దిగబోతుంటే పక్కసీటులో కూర్చున్న ముసలి తాత ఆమె చెయ్యి పట్టుకుని ఏదో చెబుతాడు. పాప ఈ సినిమా మొదట చూసినప్పుడు చదవడం సరిగా రాదు. చదవడం వచ్చేసరికి డిస్కు పాడయింది. సరిగ్గా తాత నోరు తెరిచే చోట బొమ్మంతా గళ్లుగళ్లుగా విడిపోయి ఆగిపోయేది. ఎన్నిసార్లు తుడిచినా అంతే.

తండ్రి ఆ మాటలు విన్నవాడే కదా. సైగలతో చెప్పాడట, బాగుండమ్మా అంటున్నాడని. పాప ఒప్పుకోలేదు. "అంతసేపు నోరు కదిలిస్తే మాట అంత చిన్నదెట్ల అయితాది?" అని నిలదీసింది. అతను ఇది నాకు చెప్పి తల గోక్కున్నాడు. "నిజమేనన్నా. పెద్ద మాటే. నా చేతులకు రాలేదు." కాగితం మీద రాసిస్తానంటే, తాత నోరు కదులుతుండగానే చదవాలంటోంది పాప అని, కొత్త డిస్కు కావాలన్నాడు. వస్తే పక్కన పెడతానన్నాను.

రాలేదు. ఆ తరువాత అసలు ఏవీ రాలేదు.

ఒక పొద్దున హైదరాబాదు కంపెనీ మనిషి ఫోను చేసి పాత సినిమాలు ఇక అచ్చు వెయ్యరని చెప్పాడు. ఉన్న సరుకు అమ్ముకోమన్నాడు. అంత ముఖ్యమైన మాటను కరెంటు పోయిందన్నట్టు చెప్పి పెట్టేశాడు. నేను ఆదివారం దాకా ఎవరికీ చెప్పలేదు. చెప్పాక సాయిబు అంగడి మెట్ల మీద కూర్చుండిపోయాడు. "అంటే ఇంక ఇంతేనా?" అని రెండుమూడు సార్లు అడిగాడు, నన్ను కాదు, ఎదురుగా ఉన్న రోడ్డును. లెక్చరరుకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. "రేపు ఆ కంపెనీవాడు ఫోనులోంచి కూడా తీసేస్తే ఏం చేస్తావప్పా? కావాల్సినప్పుడు సీన్లు కోసేస్తాడు, కావాల్సినప్పుడు సినిమానే దాచేస్తాడు. మన చేతిలో ఉన్నదే మనది" అని గట్టిగా అరిచి, అరల్లో ఉన్నవి సంచిలో వేసుకోవడం మొదలుపెట్టాడు. ఆయన్ని చూసి మిగతావాళ్లూ.

ఆ నెల నేను చూసింది నాకు నచ్చలేదు. ఏళ్ల తరబడి ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకున్న మనుషులు, ఎవరి దగ్గర ఏముందో చెప్పడం మానేశారు. అడిగితే "నా దగ్గర యాడిదప్పా" అనేవాళ్లు. ఆదివారాల గుంపు పలచబడింది. టీ తెప్పించే పని లేకపోయింది. ఓనరుకు మాత్రం ఇదంతా వింతగా ఉండేది. "ఫోనులో అన్నీ ఉండాయి కదప్పా. వీళ్లకేం పోయింది?" అన్నాడు. ఆయన్నీ తప్పుపట్టను. అంగడి నిలబెట్టుకోవాలి కదా, అప్పటికే ఒక అర ఖాళీ చేసి ఫోను కవర్లు తగిలించాడు.

బోరు మనిషి ఈ హడావుడిలో లేడు. కర్ణాటకలో చెళ్లకెర వైపు లారీతో పోయి నెలల తరబడి అక్కడే ఉన్నాడు. వచ్చేసరికి అరలు ఖాళీ. మనిషి కూడా సగమయ్యాడు. మెట్లెక్కి కౌంటరు పట్టుకుని, మాట రాక చేత్తో ఆగమన్నట్టు సైగ చేశాడు. దగ్గు తగ్గాక అడిగాడు.

"పెండ్లిబస్సు వచ్చిందా అన్నా?"

విషయం చెప్పాను. ఓనరు పక్కనుంచి, "ఫోనులో ఉంటాది చూసుకోప్పా" అన్నాడు. అతను జేబులోంచి ఫోను తీశాడు. చూశాడట అప్పటికే. ఆ సినిమా ఫోనులో ఉంది. కింద అక్షరాలు లేవు. అక్షరాలు పెట్టమని నొక్కితే యంత్రం తనంతట తాను ఏవో వేస్తోంది. తెర మీద తల్లి బిడ్డను అన్నానికి పిలుస్తుంటే కింద రైలు గురించి ఏదో పడింది.

"నా బిడ్డ ఇది చదివి నా మొగం చూసిందన్నా. వీళ్లకేమన్నా పిచ్చి పట్టిందా నాయనా అని అడిగింది. నేనేం చెప్పల్ల?"

ఒక్క డిస్కు ఎక్కడో దొరక్కపోతుందా అనుకున్నాను. పల్లెల్లో అంగళ్లకు సరుకు పంపింది నేనే. విడపనకల్లులో, చిలమత్తూరులో తెలిసినవాళ్లకు ఫోను చేశాను. ఒకరు అంగడి మూసేశారు, ఇంకొకరు పాత సామానువాడికి తూకానికి వేసేశారు. కుందుర్పిలో ఒకాయన మాత్రం అట్టపెట్టె ఏదో అటక మీద ఉండాలన్నాడు. సెలవు పెట్టి నా మోటారు సైకిలు మీద ఇద్దరం పోయాం. ఎండ మండిపోతోంది. వెనక కూర్చుని అతను దగ్గుతుంటే ఆ కుదుపు నా వీపుకు తగిలేది. ఆగుదామంటే వద్దనేవాడు. దారి పొడుగునా చేలల్లో ఎండిన బోరు గొట్టాలు. కొన్ని తను వేసినవేనని చెప్పాడు. ఏ చేనులో నీళ్లు పడ్డాయో, ఏ చేనులో తెల్లపిండి తప్ప ఏమీ రాలేదో అన్నీ గుర్తున్నాయి అతనికి.

కుందుర్పి అంగడాయన అటక దులిపాడు. పెట్టె ఉంది, డిస్కులు లేవు. వాళ్లింటామె అడిగినవాళ్లకల్లా ఇచ్చేసిందట. "యాడ అడుగుతారులే అనుకుంటిమి" అని నొచ్చుకున్నాడు.

తిరిగి వస్తుంటే రోడ్డు పక్కన ఒక సజ్జచేను కళ్లు మిరుమిట్లు గొలిపేలా మెరిసింది. ఆపమన్నాడు. చేను నిండా కట్టెలు పాతి, దారాలు లాగి, దారాలకు డిస్కులు వేలాడగట్టారు. గాలికి తిరుగుతూ మెరుస్తున్నాయి, పిట్టలు వాలకుండా. అతను గట్టు దాటి లోపలికి పోయాడు. ఒక్కొక్క డిస్కునూ పట్టుకుని ఆపి, బొమ్మ వైపు తిప్పి చూడటం మొదలుపెట్టాడు. నేను రెండోవైపు నుంచి మొదలుపెట్టాను. అవన్నీ నా చేతుల మీదుగా పోయినవే. ఎన్నింటి డబ్బాలు తుడిచి అరల్లో పెట్టానో.

చేను ఆమె కేకేసింది. "ఏమప్పా, చేన్లో ఏం దేవులాడుతాండారు?"

"సినిమామ్మా" అన్నాడతను.

"సినిమానా? ఇవి గువ్వలకు కట్టినాం కదప్పా!"

చివరి వరుసలో దొరికింది. బొమ్మ వెలిసిపోయినా బస్సు ముందుభాగం తెలుస్తోంది. అతను దాన్ని సూర్యుడికెదురుగా ఎత్తాడు. పూత రాలిపోయి సన్నటి చిల్లుల్లోంచి వెలుతురు కారుతోంది. ఇది ఆడదని ఇద్దరికీ తెలుసు. అయినా అతను తీసుకుపోతానని అడిగాడు. "తీసుకో, దానికేముండాది" అందామె. అతను తన టవలు అంచు చింపి, డిస్కు ఉన్నచోట ఆ గుడ్డపీలిక కట్టి వచ్చాడు. ఇంటికి పోయి పెడితే ప్లేయరు దాన్ని లోపలికి తీసుకుని, కాసేపు గిరగిర తిప్పి బయటికి నెట్టేసింది.

ఇక మిగిలింది లెక్చరరు. ఆయన దగ్గర సీలు విప్పని పెళ్లిబస్సు ఉందని నాకు తెలుసు. చూడ్డానికి కొన్నది ఎవరో తీసుకుపోయి తిరిగివ్వలేదని ఆయన చాలాకాలం తిట్టుకున్నాడు.

ఆయన ఒంటరి మనిషి. భార్య పోయాక రెండు గదుల ఇంట్లో బీరువాలతో ఉంటున్నాడు. మమ్మల్ని కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, సంగతి విన్నాడు.

"సీలు విప్పితే ఇంగ దాంట్లో ఏముంటాదప్పా? మళ్లీ రాదు కదా" అన్నాడు చివరికి.

"నాకిచ్చేయొద్దు సార్" అన్నాడు బోరు మనిషి. "ఈడనే పెట్టండి. నా బిడ్డను తోడుకొస్తా. ఆ ముసలాయన చెప్పేది ఒక్కటి చూసి పోతాం."

లెక్చరరు లేచి లోపలికి పోయాడు. ఇవ్వడనే అనుకున్నాను. బీరువా తలుపు చప్పుడైంది. డిస్కు, బ్లేడు పట్టుకుని వచ్చాడు. పాప వచ్చేలోగా ఒకసారి ఆడించి చూద్దామని తనే సీలు కోశాడు. ఆ పైకాగితం చిరిగినప్పుడు ఆయన ముఖం చూడలేక నేను గోడ వైపు చూశాను. రెండు వేళ్లతో డిస్కు తీసి, అలవాటుగా కిటికీ వెలుతురుకు పట్టాడు. అలాగే ఉండిపోయాడు.

అంచు నుంచి లోపలికి గోధుమరంగు మరక పాకి ఉంది, టీ ఒలికినట్టు. ఎవరి చెయ్యీ తగలని డిస్కు. మన అనంతపురం ఎండలకు ఆ మిద్దె కింద, ఆ ఇనప బీరువాలో, తనంతట తానే లోలోపల పాడైపోయింది. ప్లేయరులో పెట్టాం. తెర నీలంగానే ఉండిపోయింది.

ఆయన లోపలికి పోయి ఇంకొన్ని తెచ్చాడు. కోశాడు, వెలుతురుకు పట్టాడు. మరక. ఇంకొకటి. మరక. ఇంకొకటి బాగుంది. మళ్లీ రెండు పోయాయి. "వద్దు సార్, చాలు" అన్నాను. వినలేదు. నేల నిండా చిరిగిన కాగితాలు. "తెరవకుండా పెడితే బాగుంటాయనుకుంటిని" అని ఒక్కసారి అన్నాడు, అంతే. బోరు మనిషి కింద కూర్చుని, పాడైనవాటిని కూడా దుమ్ము పడకుండా ఏ డబ్బాలోది ఆ డబ్బాలో పెడుతూ పోయాడు. మంచిది వచ్చినప్పుడల్లా, "ఇది బాగుండాది సార్" అని ఆయనకు చూపించేవాడు. పొద్దు వాలేదాకా అదే పని. ఉద్యోగంలో నేను చూసిన రోజులన్నిటిలో ఆ రోజు ఎందుకో నన్ను వదలదు. ఒకరికి అచ్చరాలు కావాలి, ఒకరికి సీలు కావాలి. ఇద్దరికీ దక్కలేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియదు. కంపెనీ మీదా? ఎండ మీదా?

లేచేటప్పుడు లెక్చరరు, ఆడుతున్నవాటిలో అచ్చరాలు పడేవన్నీ ఏరి ఒక సంచిలో వేసి అతని చేతికిచ్చాడు. "చూడనీ ఆ పాపను. ఎట్లాగూ విప్పేసినా కదా" అన్నాడు. అతను సంచిని బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని నడిచాడు.

ఆ తరువాత అతను మళ్లీ లారీ ఎక్కలేదు. బెంగళూరు ఆసుపత్రిలో చూపించారు. ఏళ్లపాటు పీల్చిన రాతిపిండి ఊపిరితిత్తుల్లో గట్టిపడిపోయిందన్నారు. మందు లేదన్నారు. ఊరి నిండా మనం తాగే బోరునీళ్లు అలాంటి మనుషులు తోడి ఇచ్చినవే. ఆ సంగతి నాకు అతని ఎక్స్‌రే చూసేదాకా తట్టలేదు.

ఒక ఆదివారం పొద్దున మనిషి చేత కబురు పంపాడు, సార్‌ను తీసుకుని రమ్మని. పోయాం. ఫోనులో ఉన్న పెళ్లిబస్సును వాళ్ల టీవీలో వచ్చేట్టు చెయ్యమన్నాడు. చేశాను. అచ్చరాలు లేవు కదా అన్నాను. "నేనుండాను కదన్నా" అన్నాడు.

టీవీ పక్కనే స్టూలు వేసుకుని, తెరకు వీపు పెట్టి, కూతురికి ఎదురుగా కూర్చున్నాడు. మంచం పట్టిన ఆ రోజుల్లో ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఆ సినిమా వింటూనే ఉన్నాడట. ప్రతి మాటకూ చేతులు వెతుక్కున్నాడట. తెలియని సైగలు కూతురినే అడిగి, ఎందుకో చెప్పకుండా నేర్చుకున్నాడట. సినిమా మొదలైంది. తెర మీద మాట, పక్కన అతని చేతులు. డ్రైవరు తిడితే అతని చేతులు తిట్టాయి. పెళ్లివారు కొట్లాడితే రెండు చేతులూ ఒకదాన్నొకటి తోసుకున్నాయి. పాప చూపు తెర మీది నుంచి తండ్రి మీదికి, తండ్రి మీది నుంచి తెర మీదికి పరుగులు పెడుతోంది. నడుమ అలిసిపోయి ఆపమనేవాడు. కాసేపు కళ్లు మూసుకుని మళ్లీ కానిమ్మనేవాడు.

బస్సు ఆగింది. అందరూ దిగారు. తాత పెళ్లికూతురు చెయ్యి పట్టుకున్నాడు.

ఆ తాత చెప్పేది ఇది. "దారి తప్పినామని అందరూ తిట్టుకున్నారమ్మా. తప్పబట్టే కదా, ఇంతసేపు నా పక్కన కూర్చున్నావు."

ఆ సైగలు నాకు రావు. అయినా అర్థమైంది. దారిలా చాచిన అరచెయ్యి, పక్కకు పోయిన వేలు, తిట్లు. తరువాత తన గుండె మీద చెయ్యి, తన పక్కన ఖాళీ చోటు మీద చెయ్యి. అక్కడ చెయ్యి చాలాసేపు ఉంచాడు. పాప మళ్లీ చెప్పమని సైగ చేసింది. నేను సినిమా వెనక్కి తిప్పబోతే వద్దంది. సినిమా అక్కర్లేదు. తండ్రి మళ్లీ చెప్పాడు. వాళ్లమ్మ గుమ్మం దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. లెక్చరరు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు, అవి ఎప్పుడో శుభ్రమైపోయినా.

మేము పోతుంటే అతను ఆయాసపడుతూ నాతో అన్నాడు. "దీనికి ఊపిరితో పనిలేదు కదన్నా. చేతులుంటే చాలు."

లెక్చరరు ఇచ్చిన సంచిలో సినిమాలున్నాయి, ఫోనులో అచ్చరాలు లేని సినిమాలు చాలా ఉన్నాయి. వాటిలో కొన్నింటికి అతను చేతులు వెతుక్కుంటూనే ఉన్నాడు. నేను పోయినప్పుడల్లా నాతో మాట్లాడటం తగ్గించి, సైగలే చేసేవాడు. మంచినీళ్లు, కూర్చో, బాగున్నావా. నేనూ కొన్ని నేర్చుకున్నాను. ఆ ఎండాకాలం దాటలేదు అతను. చేతులు కూడా ఎత్తలేని రోజు వచ్చాక ఎక్కువకాలం లేడు. మట్టి చేసిన రోజు సాయిబు వచ్చాడు, లెక్చరరు వచ్చాడు, ఆదివారాల్లో అంగట్లో అతని ముఖమైనా సరిగా చూడనివాళ్లు కూడా వచ్చారు. ఒకరి దగ్గర ఏముందో ఒకరికి చెప్పడం మానేసిన వాళ్లు ఆ రోజు పక్కపక్కన నిలబడ్డారు. డిస్కుల మాట ఎవరూ ఎత్తలేదు.

కొన్నేళ్లకు నేను పని మానేశాను. చివరి రోజు కౌంటరులో నా సామాను, ఒక టీ గ్లాసు, ఒక తువ్వాలు సర్దుకుంటున్నాను. ఒక యువతి మెట్లెక్కి వచ్చింది. వెంటనే గుర్తుపట్టలేదు. అంగట్లో అందరి పెదవులూ చూసే ఆ చూపుతో గుర్తుపట్టాను. ఊళ్లోనే ఒక ఆఫీసులో కంప్యూటరు మీద పని చేస్తోందట. నేను మానేస్తున్నానని సార్ చెప్పాడట. ఫోను తీసి, అందులో టైపు చేసి నా ముందు పెట్టింది.

"మా నాయన గొంతు ఎట్లుండేది?"

ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. తెర మీద మనిషి కనపడకపోయినా గొంతు వినగానే ఎవరిదో చెప్పేవాణ్ణి. అలాంటివాడికి ఆ గొంతును ఎలా చెప్పాలో తెలియలేదు. ఆమె ఓపిగ్గా నిలబడింది. ఫోను తీసుకుని మెల్లగా, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ టైపు చేశాను. పెద్ద గొంతు, కొంచెం బొంగురు, బోరు లారీ మోతలో అరిచి అరిచి అలా అయింది, మామూలుగా మాట్లాడినా అరిచినట్టుండేది, నీతో మాట్లాడేటప్పుడు ఇంకా గట్టిగా మాట్లాడేవాడు.

ఆమె చదివింది. కనుబొమ్మలు ముడిపడ్డాయి. మళ్లీ టైపు చేసింది.

"నాతోనా? నోరు కదిలేది చూసినాను. శబ్దం కూడా వచ్చేదా?"

వాళ్లింటికి పోయిన ప్రతిసారీ విన్నాను నేను. చేతులు ఆడిస్తూనే, వినపడదని తెలిసీ, ఆ పిల్లకు ప్రతి మాటా నోరారా చెప్పేవాడు. అన్నం తిన్నావా అన్నా అంతే, సినిమాలో మాటైనా అంతే. ఆయాసంతో ఉన్నప్పుడు కూడా. పక్కింటివాళ్లు నవ్వుకునేవాళ్లు.

వచ్చేదమ్మా, వీధి చివరిదాకా వినపడేది అని రాసి ఇచ్చాను.

ఆమె చదివి, ఇంకోసారి చదివి, ఫోనును రెండు చేతులా పట్టుకుంది. మళ్లీ నా చేతికి ఇవ్వలేదు.